పడవలోని మాట జీపుకు ఎందుకు చేరలేదు? చెన్నైలో అత్యవసర సేవల వైర్‌లెస్ గురించి

వేళచ్చేరి నివాసి | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాటి సంగతి ఒకటి ఇప్పటికీ నా మనసులోంచి పోవడం లేదు. మా వీధిలో నడుము లోతు నీళ్లు. మూడో అంతస్తులో డయాలసిస్ చేయించుకునే పెద్దాయన ఒకరు చిక్కుకుపోయారు. వీధి మొదట్లో ఒక జీపు, మధ్యలో రబ్బరు పడవతో ఒక సహాయక బృందం, వెనక సందులో నీళ్లు తోడే మోటార్లతో ఇంకొక శాఖవారు. ముగ్గురి చేతుల్లోనూ వాకీటాకీలు ఉన్నాయి. ముగ్గురూ మాట్లాడుతూనే ఉన్నారు. కానీ పడవలోని మనిషి మాట జీపులోని మనిషికి వినిపించదు.

ముందు గేటు దగ్గర కరెంటు తీగ తెగి నీళ్లలో పడిందని జీపు దగ్గరున్నవారికి తెలుసు. పడవవాళ్లకు తెలియదు. మా పక్కింటి అబ్బాయి, అప్పటికి ప్లస్ టూ చదువుతున్నాడు, ఆ సంగతి చీటీ మీద రాయించుకుని పాల కవరులో చుట్టి, తల మీద పెట్టుకుని ఆ నీళ్లలో నడిచాడు. వాడు చేరేసరికి పడవ ముందు గేటు వైపు తిరిగింది. వాడు గొంతు చించుకుని అరిచాడు కాబట్టి ఆగింది.

ఇన్ని సెట్లు ఉండి కూడా ఒకరి మాట ఒకరికి చేరకపోవడం ఏమిటి? లోపం యంత్రాలదా, మనుషులదా? ఈశాన్య రుతుపవనాలు రాకముందే మా నివాసుల సంఘం తరఫున అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ఏం అడగాలో తెలియకుండా అడిగితే ఎవరూ పట్టించుకోరు. తెలిసినవారు చెప్పండి.

తరమణి | ఆదివారం, రాత్రి 9:42

ఆ అబ్బాయికి నా నమస్కారాలు. నాదొక సందేహం. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ స్మార్ట్‌ఫోను ఉంది. అన్ని శాఖలవారినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చితే సరిపోదా? పాత కాలపు వైర్‌లెస్ సెట్లను కలపడానికి ఇంత ప్రయాస ఎందుకు?

హామ్ మిత్రుడు | ఆదివారం, రాత్రి 10:15

తరమణి గారూ, 2015 డిసెంబరు 1, 2 తేదీల్లో మీరు చెన్నైలో లేరనుకుంటాను. తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం జలాశయం నీళ్లు అడయారు నదిలోకి వదిలారు. కరెంటు పోయింది. సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే వచ్చాయి. ఆ తర్వాత జనరేటర్లకు డీజిల్ పోయడానికి మనిషి వెళ్లాలన్నా దారి లేదు. చేతిలో ఫోను ఉంది, అందులో సిగ్నల్ లేదు. అంతకు ముందు ఏడాది 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలోనూ ఇదే పరిస్థితి. విశాఖలో మా బంధువులు బతికున్నారో లేదో తెలియక మేము ఇక్కడ గడిపిన ఆ రోజుల్ని మరచిపోలేను.

వైర్‌లెస్ సెట్టుకు ఉన్న గొప్ప గుణం ఒకటే. మధ్యలో టవరు లేకపోయినా ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు నేరుగా మాట పోతుంది. పైగా ఒకరు బటన్ నొక్కి మాట్లాడితే ఆ ఛానెల్‌లో ఉన్న నలభై మందీ అదే క్షణంలో వింటారు. నంబరు వెతకడం, అవతలివారు ఎత్తేదాకా ఆగడం ఉండదు. నీళ్లలో తడిసిన వేళ్లతో స్మార్ట్‌ఫోను తెర మీద ఒక్క పదం రాసి చూడండి, మీకే అర్థమవుతుంది.

2004 డిసెంబరు 26 సునామీ నాడు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియో (ఔత్సాహికులు నడిపే వైర్‌లెస్) కేంద్రం నడుపుతున్నారు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ అండతో మొదలైన కార్యక్రమం అది. సునామీ రాగానే మామూలు సంభాషణలు ఆపేసి, ఆ పరికరాలతోనే క్షేమ సమాచారం అందించడం మొదలుపెట్టారు. మా తరం హామ్‌లకు ఆమె పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వైర్‌లెస్ మాస్టారు | సోమవారం, ఉదయం 6:30

వేళచ్చేరి నివాసి గారికి, సభ్యులందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ముప్పై ఏళ్లు వైర్‌లెస్ పని చేసి పెరంబూరులో స్థిరపడ్డాను. మీరు అడిగిన ప్రశ్న నా జీవితమంతా నాతో ఉన్న ప్రశ్న. అందుకే తెల్లవారుజామునే కూర్చుని రాస్తున్నాను.

ముందు యంత్రాల సంగతి. పైకి ఒకేలా కనిపించే రెండు సెట్లు లోపల వేర్వేరుగా ఉంటాయి. ఒకటి వీహెచ్ఎఫ్, అంటే సుమారు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య పని చేస్తుంది. ఇంకొకటి యూహెచ్ఎఫ్, 400 నుంచి 470 వరకు. వీహెచ్ఎఫ్ సెట్టుకు యూహెచ్ఎఫ్ మాట గాలిలో ఉన్నట్టే తెలియదు. రెండూ ఒకే పట్టీలో, అంటే ఒకే పౌనఃపున్యాల శ్రేణిలో ఉన్నా, ఒకటి అనలాగ్, ఇంకొకటి డిజిటల్ అయితే క్యాసెట్ ప్లేయర్‌లో సీడీ పెట్టినట్టే. డిజిటల్‌లోనూ మళ్లీ తెగలున్నాయి. ఐరోపాలో పుట్టిన టెట్రా 25 కిలోహెర్ట్జ్ దారిని నాలుగు కాలపు ముక్కలుగా కోసి నలుగురి మాటలు పంపుతుంది. డీఎంఆర్ 12.5 కిలోహెర్ట్జ్‌ను రెండు ముక్కలు చేస్తుంది. అమెరికావాళ్ల ప్రాజెక్ట్ 25 పద్ధతి వేరు. ఇవన్నీ సరిపోయినా రహస్య సంకేతపు తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటే రెండోవారికి గరగర శబ్దమే మిగులుతుంది. ఒక్కొక్క శాఖ ఒక్కొక్క ఏడాది, ఒక్కొక్క టెండరులో, తన అవసరం మాత్రమే చూసుకుని కొంటుంది. ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఆ కొనుగోళ్లన్నీ మీ వీధి మొదట్లో ఒకేసారి కలుసుకుంటాయి.

కలపడానికి దారులు ఉన్నాయి. నా దృష్టిలో అన్నింటికంటే చవకైనది, ముందుగా చేయవలసినది ఉమ్మడి ఛానెల్. ఒకే పట్టీలో పని చేసే సెట్లన్నింటిలోనూ ఒక పౌనఃపున్యాన్ని, రిపీటర్ (మాటను అందుకుని దూరానికి మళ్లీ పంపే యంత్రం) అక్కర్లేకుండా, ఒకే పేరుతో, ఒకే మీట స్థానంలో పెట్టడం. పేరు అంటున్నాను, గమనించండి. ఒకరి సెట్టులో అది 8, మరొకరి సెట్టులో 14 అయితే చీకట్లో, వానలో ఎవరూ వెతకరు. పట్టీలే వేరైతే గేట్‌వే పెట్టె కావాలి. ఒక్కొక్క శాఖ సెట్టు ఒక్కొక్కటి తెచ్చి దానికి తగిలిస్తే, ఒకదానిలో విన్నది మిగతావాటిలో పలుకుతుంది. ఒక జీపు వెనక సీటులో పడుతుంది. అదీ లేకపోతే ప్రతి శాఖా తన సెట్టు ఒకటి రెండోవారి చేతికి ఇవ్వడం. మోటుగా అనిపించవచ్చు, కానీ ఆ రోజు మీ వీధిలో ఆ ఒక్క పని జరిగి ఉంటే ఆ పిల్లవాడు నీళ్లలో దిగేవాడు కాదు.

ఇక మనుషుల సంగతి. గేట్‌వే గుండా మాట పోవడానికి కాస్త సమయం పడుతుంది. బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి మాట తెగిపోతుంది. మాట పూర్తికాకుండానే బటన్ వదిలితే చివరి మాట తెగిపోతుంది. మన భాషల్లో ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి. తెలుగులో చోటు పేరు వాక్యం మొదట్లో చెబుతాం. కాదు, లేదు, వద్దు అన్నవి చివర్న వస్తాయి. తమిళంలోనూ ఇల్లై, వేండాం చివరే. "ముందు గేటు వైపు పడవ తేవద్దు" అన్న మాటలో మొదలూ చివరా పోతే అవతల వినిపించేది "వైపు పడవ తే". మా రోజుల్లో కొత్తవారికి నేను మొదట నేర్పింది ఇదే. బటన్ నొక్కు, మనసులో ఒకటి అనుకో, అప్పుడు మాట్లాడు. మాట అయ్యాక మళ్లీ ఒకటి అనుకుని వదులు. చేయవద్దన్న పనిని "ఆపండి, ఆపండి" అని ముందే చెప్పు.

నర్సమ్మ, రాయపురం | సోమవారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, మీరు రాసిన చివరి భాగం మా వార్డులో అందరికీ చదివి వినిపించాను.

ఆసుపత్రివాళ్లం ఈ చర్చల్లో ఎప్పుడూ చివరన ఉంటాం. కొన్నేళ్ల క్రితం నేను వేరే చోట పని చేస్తున్నప్పుడు ఒక గోదాములో మంటలు లేచాయి. పన్నెండు మంది వస్తున్నారని ఎవరో ఫోను చేశారు. కాలిన గాయాలనుకుని మేము సెలైన్లు, డ్రెస్సింగులు సిద్ధం చేసుకున్నాం. వచ్చినవారిలో ఒక్కరికే కాలిన గాయం. మిగతా అందరూ పొగ పీల్చినవారు. వాళ్లకు కావలసింది ఆక్సిజన్. సిలిండర్లు పై అంతస్తులో ఉన్నాయి, లిఫ్టు ఒకటే. ఆ పది నిమిషాలు నేను మెట్ల మీద పరుగెత్తిన పరుగు నాకే తెలుసు. మంటల దగ్గరున్న అగ్నిమాపక అధికారికి అది పొగ ప్రమాదమని మొదటి నిమిషం నుంచీ తెలుసు. ఆయన మాట అంబులెన్సు దాకా కూడా రాలేదు.

మీ అర్జీలో ఆసుపత్రిని మరవకండి, అన్నయ్యా. మాకు మాట్లాడే అవకాశం ఇవ్వకపోయినా ఫరవాలేదు, వినే సెట్టు ఒకటి ఉంటే చాలు.

గుమ్మిడిపూండి | సోమవారం, సాయంత్రం 7:20

నగరం లోపలే ఇలా ఉంటే, సరిహద్దులో ఉండే మా సంగతి వినండి. మేము ఉండేది తమిళనాడులో, మా చుట్టాలంతా సూళ్లూరుపేట, తడ వైపు. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆరంబాక్కం దాటితే రాష్ట్రం మారిపోతుంది. మా బావ మోటారు సైకిల్ మీద వస్తూ అక్కడే పడిపోయాడు. నేను ఫోను చేస్తే ఆ కాల్ అవతలి రాష్ట్రపు టవరు పట్టుకుంది. చోటు చెప్పగానే "అది మా పరిధి కాదు" అన్నారు. వాళ్ల దగ్గర ఇవతలి కంట్రోల్ రూముతో నేరుగా మాట్లాడే మార్గం లేదు. మళ్లీ నేనే ఇంకో నంబరుకు చేశాను. రోడ్డు పక్క బావ తల నా ఒళ్లో ఉంది. ఎడమ చేత్తో గాయం నొక్కి పట్టుకుని కుడి చేత్తో ఫోను పట్టుకున్నాను. తర్వాత రెండు వైపుల నుంచీ రెండు బళ్లు వచ్చాయి. బావ కోలుకున్నాడు. కానీ ఒక మనిషికి రెండు బళ్లు రావడం వల్ల ఆ సమయంలో ఇంకెవరికో ఒక బండి తగ్గి ఉంటుంది.

ఇవతల మా పారిశ్రామికవాడ, అవతల శ్రీసిటీ. రెండు చోట్లా రసాయనాలు వాడే కర్మాగారాలు ఉన్నాయి. పెద్ద మంట లేచిన రోజు రెండు రాష్ట్రాల అగ్నిమాపక శకటాలూ ఒకే గేటు ముందు నిలబడతాయి. అత్యవసర సేవలన్నింటికీ 112 అన్న ఒక్క నంబరు రావడం మంచిదే. కానీ ప్రజలు చేసే నంబరు ఒకటైనంత మాత్రాన వచ్చినవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరని కాదు కదా.

వేళచ్చేరి నివాసి | సోమవారం, రాత్రి 8:02

గుమ్మిడిపూండి గారూ, మాకూ సరిహద్దు ఉంది. 2022 జనవరి నుంచి చెన్నై చుట్టూ పోలీసు కమిషనరేట్లు మూడు అయ్యాయి, చెన్నై, తాంబరం, ఆవడి. మా వేళచ్చేరి ఒక కమిషనరేట్, రోడ్డు వెంట కాస్త ముందుకెళితే పళ్లికరణై ఇంకొక కమిషనరేట్. మధ్యలో చిత్తడి నేల. వరద వచ్చినప్పుడు ఆ నీళ్లకు సరిహద్దు ఏమి తెలుస్తుంది?

చదువరి, టీ నగర్ | మంగళవారం, ఉదయం 7:15

మాస్టారు చెప్పినదానికి న్యూయార్క్ సంగతి ఒకటి జోడిస్తాను. 2001 సెప్టెంబరు 11న అక్కడ వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాల మీద విమానాలతో జరిగిన దాడిలో 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ తర్వాత వేసిన విచారణ సంఘం నివేదిక చదివినప్పుడు రెండు విషయాలు నన్ను కదిలించాయి. పైన పోలీసు హెలికాప్టర్లు తిరుగుతున్నాయి. భవనం పరిస్థితి వాటిలోనివారికి కనిపిస్తోంది. ఆ మాట పోలీసు రేడియోలో వినిపించింది, లోపల మెట్లెక్కుతున్న అగ్నిమాపక సిబ్బందికి వినిపించలేదు. వాళ్ల రేడియో వేరు.

రెండోది ఇంకా బాధాకరం. 1993లో అదే భవనాల్లో బాంబు పేలిన తర్వాత, పై అంతస్తులకు మాట చేరడం కోసం అక్కడ ఒక రిపీటర్ అమర్చారు. ఆ రోజు దాన్ని పని చేయించడానికి రెండు బటన్లు నొక్కాలి. ఒకటి నొక్కారు. రెండోది నొక్కలేదు. ఉత్తర భవనం కింద ఉన్న అధికారులు పరీక్షించి, పని చేయడం లేదనుకుని వదిలేశారు. దక్షిణ భవనంలో అదే రిపీటర్ ద్వారా ఒక అధికారి 78వ అంతస్తు దాకా మాట్లాడుతూ వెళ్లారు. యంత్రం ఉంది. డబ్బు ఖర్చయింది. వాడే అలవాటు లేదు.

ఫిన్లాండ్‌లో వేరే దారి పట్టారు. పోలీసు, అగ్నిమాపక, వైద్యం, సరిహద్దు రక్షణ, అందరికీ కలిపి విర్వె అనే ఒకే టెట్రా వ్యవస్థ. 2002 నాటికి దేశమంతా అందింది. అమెరికా 2012లో చట్టం చేసి అత్యవసర సేవల ఫస్ట్‌నెట్ వ్యవస్థ కోసం 20 మెగాహెర్ట్జ్ విడిగా కేటాయించింది. మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా 2018 జూన్‌లో ప్రజా రక్షణ, విపత్తు సహాయం కోసం దేశవ్యాప్త బ్రాడ్‌బ్యాండ్ వ్యవస్థ కావాలని సిఫార్సు చేసింది.

తరమణి | మంగళవారం, ఉదయం 9:30

చదువరి గారు చెప్పిన బ్రాడ్‌బ్యాండ్ గురించి నాకు కొంత తెలుసు. 4జీ ప్రమాణాల్లోనే బటన్ నొక్కి మాట్లాడే అత్యవసర సేవ 2016లో చేరింది. ఫోటోలు, పటాలు కూడా పంపవచ్చు. నా మొదటి ప్రశ్న తొందరపాటుదని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ వ్యవస్థ వచ్చినా టవరు నీళ్లలో మునిగినప్పుడు మళ్లీ నేరుగా మాట్లాడే సెట్టు కావలసిందే కదా? అయితే అర్జీలో రెండూ రాయాలి.

ఇంకొక సందేహం. పోలీసు మాటలు అందరూ వినడం మంచిది కాదు. ఉమ్మడి ఛానెల్ అంటే వారు ఒప్పుకుంటారా?

వైర్‌లెస్ మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12:40

మంచి ప్రశ్న, నాయనా. ఉమ్మడి ఛానెల్ పెట్టినంత మాత్రాన ఎవరి సొంత ఛానెల్ తలుపులూ తెరుచుకోవు. దొంగను పట్టుకునే మాటలు వారి ఛానెల్‌లోనే ఉంటాయి. "తీగ తెగింది, వెనక సందులోంచి రండి" అన్న మాట ఉమ్మడి ఛానెల్‌లో వస్తుంది. అందులో దాచవలసినది ఏమీ లేదు. ముందే తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. ఆ ఛానెల్‌లోకి మారమని ఎవరు చెబుతారు? మారిన తర్వాత ఎవరి మాట చెల్లుతుంది? రాత్రి రెండు గంటలకు గేట్‌వే పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుంది? అది కాగితం మీద సంతకాలతో ఉండాలి. పైవారి అనుమతి కోసం ఫోను చేయవలసి వస్తే, ఆ ఫోనే పని చేయదు కదా.

శాఖల సంకేత సంఖ్యల సంగతి కూడా రాయండి. ఒకరి అంకె ఇంకొకరికి అర్థం కాదు, లేదా వేరే అర్థం వస్తుంది. అమెరికాలో 2006 నుంచి పలు శాఖలు కలిసి పని చేసేచోట సంకేతాలు మాని మామూలు మాటల్లోనే చెప్పాలని నియమం పెట్టారు.

అంబత్తూరు | మంగళవారం, మధ్యాహ్నం 2:18

మామూలు మాటలు అన్నారు, ఏ భాషలో మాస్టారూ? అరక్కోణంలో జాతీయ విపత్తు స్పందన దళం నాలుగో బెటాలియన్ ఉంది. వారిలో అన్ని రాష్ట్రాలవారూ ఉంటారు. 2015లో మా వీధికి వచ్చిన జవానుకు తమిళం రాదు, తెలుగు రాదు. మా అమ్మ "పిళ్లైయార్ (వినాయకుడి) గుడి పక్క సందు" అంటుంది. మా పేటలో పిళ్లైయార్ గుళ్లు ఐదు ఉన్నాయి. వీధి దీపాల స్తంభాల మీద నంబర్లు ఉంటాయి కదా, వాటినే చోటు చెప్పడానికి వాడితే ఏ భాషవారైనా కనుక్కుంటారు.

హామ్ మిత్రుడు | మంగళవారం, మధ్యాహ్నం 3:00

అంబత్తూరు గారి సూచన వెంటనే చేయదగినది. వేళచ్చేరి నివాసి గారూ, ఒక మనవి. అర్జీ ఇచ్చి ఊరుకోకండి. మీ భవనాన్ని మీరే పరీక్షించండి. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ చిన్న సెట్లు దొరుకుతాయి. కింది పార్కింగులోకి దిగుతూ మాట్లాడి చూడండి. కాంక్రీటు, ఇనుము మాటను మింగేస్తాయి. శాఖలన్నింటినీ కలిపే వ్యవస్థ రేపే వచ్చినా మీ రెండో నేలమాళిగలోకి అది దిగకపోవచ్చు.

వేళచ్చేరి నివాసి | ఆదివారం, రాత్రి 8:45

మాస్టారు గారు ఈ ఉదయం పెరంబూరు నుంచి లోకల్ రైలు, తర్వాత బస్సు పట్టుకుని మా భవనానికి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, టీ కూడా తర్వాత అన్నారు. రెండు చిన్న సెట్లు ఆయనే తెచ్చారు.

ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. నేను, చీటీ మోసిన ఆ అబ్బాయి, మా కాపలాదారు కిందికి దిగాం. మొదటి నేలమాళిగలో మాట బాగానే వచ్చింది. రెండోదానికి దిగే వాలులో గరగర మొదలైంది. మూడో స్తంభం దగ్గర నేను "లిఫ్టు వైపు రావద్దు" అన్నాను. పైన మాస్టారికి "లిఫ్టు వైపు రా" అని వినిపించిందట. ఆయన నిజంగానే లిఫ్టు దాకా నడిచి వచ్చి నిలబడ్డారు. మాకు ఒక క్షణం నోట మాట రాలేదు. నాలుగో స్తంభం దాటాక ఏమీ లేదు, పూర్తి నిశ్శబ్దం. జనరేటరు గది, కరెంటు మీటర్ల గది రెండూ ఆ నిశ్శబ్దంలోనే ఉన్నాయి.

అర్జీ ఈ రాత్రే పూర్తి చేశాను. ఉమ్మడి ఛానెల్ ఒకే పేరుతో ఉండాలని, గేట్‌వే తెరిచే అధికారం ఎవరిదో ముందే రాసి పెట్టాలని, పక్క కమిషనరేట్‌నూ ఆసుపత్రులనూ కలుపుకోవాలని, అక్టోబరుకు ముందు మా వీధిలోనే అందరితో ఒకసారి సాధన చేయించాలని అడిగాను. గుమ్మిడిపూండి గారి రహదారి సంగతి విడిగా ఒక పేరా రాశాను, ఆయన ఒకసారి చూసి సరిదిద్దాలి. నర్సమ్మ గారి "వినే సెట్టు" అన్న మాటను అలాగే ఉంచాను.

ఆ అబ్బాయి సాయంత్రం పసుపు రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. మూడో స్తంభం దగ్గర గోడ మీద అడ్డంగా ఒక గీత గీసి, తమిళంలో, ఇంగ్లీషులో, హిందీలో "ఇక్కడి నుంచి వైర్‌లెస్ పని చేయదు" అని రాశాడు. కింద చిన్న అక్షరాలతో తెలుగులో కూడా రాశాడు. రంగు ఇంకా ఆరలేదు. వచ్చే ఆదివారం పక్క భవనం వాళ్లు తమ నేలమాళిగకు రమ్మన్నారు. మాస్టారు వస్తానన్నారు.

నర్సమ్మ, రాయపురం | ఆదివారం, రాత్రి 9:20

అన్నయ్యా, ఆ గీత ఫోటో పెట్టండి. మా ఆసుపత్రి కింద ఆక్సిజన్ నిల్వ గది ఉంది. బుధవారం నాకు సెలవు. మాస్టారు ఆ సెట్లు ఒక్కరోజు ఇస్తే నేనే వచ్చి తీసుకెళతాను.